ముల్లు ఎర్రగీత తాకాక లోడు లారీ ఇంకా ఎంత దూరం పోతుంది?

తాడిపత్రి బండలు · బుధవారం, రాత్రి 8:12

అందరికీ నమస్కారం. తొందరగా సలహా కావాలి.

మాది పది టైర్ల లారీ, బీఎస్ 6 (కొత్త కాలుష్య ప్రమాణాల బండి), ట్యాంకు 300 లీటర్లు. తాడిపత్రిలో నల్లబండలు లోడు చేసుకుని బెంగళూరుకు వెళుతోంది. ఇప్పుడు అనంతపురం బైపాస్‌లో ఢాబా దగ్గర ఆగింది. బండి మీద ఉన్నది మా చిన్నాన్న కొడుకు. ముల్లు ఎర్రగీత మీదికి వచ్చింది, దీపం కూడా వెలిగింది అని ఫోను చేశాడు. కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లి చేరితే కర్ణాటక ధరకు ఆయిల్, అంటే డీజిల్, కొట్టించుకోవచ్చు, లీటరుకు ఐదారు రూపాయలు మిగులుతాయి. అక్కడికి సుమారు 115 కిలోమీటర్లు ఉంది. డ్యాష్‌బోర్డు మాత్రం ఇంకా 160 కిలోమీటర్లు వస్తుందని చూపిస్తోందట.

లాగమని చెప్పాలా, ఇక్కడే పోయించమనాలా? భోజనం అయ్యాక బయలుదేరతాడు.

ఎన్‌హెచ్ 44 · రాత్రి 8:20

ధైర్యంగా పంపించండి తమ్ముడూ. ఎర్రగీత అంటే ట్యాంకు ఖాళీ అని కాదు, జాగ్రత్త పడమని. ఏ కంపెనీ అయినా కొంత ఉంచే గీత గీస్తుంది. నేను ఈ రోడ్డు మీద చాలా ఏళ్లు తోలాను. గుత్తి దాటాక దీపం వెలిగినా పెనుకొండ దాకా ఎన్నోసార్లు వెళ్లాను, బండి ఎక్కడా ఆగలేదు. నలభై దాటకుండా, గేర్లు ఎక్కువ మార్చకుండా, ఏసీ ఆపి వెళ్లమనండి. చేరతాడు.

పంపు మేస్త్రి · రాత్రి 8:31

ముందు ఒక ప్రశ్న. వెలిగింది డీజిల్ దీపమేనా, డీఈఎఫ్ (పొగ శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రవం) దీపమా? బీఎస్ 6 బండిలో రెండు ముళ్లు ఉంటాయి. డీఈఎఫ్ అయిపోతే బండి వెంటనే ఆగదు, కొంత దూరం పోయాక ఇంజిను బలం తగ్గించేస్తుంది, లోడుతో ఎత్తు ఎక్కదు. ఏ ముల్లు పడిందో ఫోటో తీసి పంపమనండి.

డీజిలే అయితే నా మాట ఒకటే, పంపకండి.

ఎన్‌హెచ్ 44 అన్నా, మీ అనుభవాన్ని కాదనను. కానీ మీరు తోలింది ఏ బండో చెప్పండి. ఇంజినుకు డీజిల్ తోసే పంపు పాత ఇన్‌లైన్ రకం ఉన్న బండి అయి ఉంటుంది. ఆ పంపులో క్యామ్ వైపు నూనెతో నడుస్తుంది. డీజిల్ గొట్టంలో గాలి పట్టినా హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టి డీజిల్ లాగే చిన్న పంపు) కొట్టి, ఎయిర్ తీసి, అరగంటలో మళ్లీ రోడ్డెక్కవచ్చు. మీ బీఎస్ 6 బండిలో ఉండే కామన్ రైల్ పంపు అలా కాదు. చాలా రకాల్లో ఆ పంపుకు వేరే నూనె ఉండదు, లోపల తిరిగే భాగాలకు డీజిలే నూనె, డీజిలే చల్లదనం. రైలు అంటే నాజిళ్లన్నిటికీ డీజిల్ పంచే ఉమ్మడి గొట్టం, అందులో ఒత్తిడి 1600 బార్ దాటుతుంది. అంత ఒత్తిడి పుట్టించే ప్లంజరు (పంపులో ముందుకూ వెనక్కూ ఆడే కడ్డీ) డీజిల్‌కు బదులు గాలి మింగితే లోహం మీద లోహం ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడిలో లేచిన రజను రైలులోకి, అక్కడి నుంచి ఇంజెక్టర్లలోకి (ఇంజినులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు) పోతుంది. పంపు ఒక్కటి మారిస్తే సరిపోదు, ట్యాంకు నుంచి నాజిల్ దాకా కడగాలి. ఆరు సిలిండర్ల ఇంజిను అయితే ఖర్చు లక్షల్లోనే.

ఇంకొకటి కూడా ఉంది. బీఎస్ 6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు తగ్గించారు, బీఎస్ 4లో 50 ఉండేది. గంధకం తీసేటప్పుడు డీజిల్‌కు సహజంగా ఉండే జారుడుగుణం కూడా పోతుంది. దాన్ని నిలపడానికి వేరే మందు కలుపుతారు. అంటే ఆ జారుడుగుణం కూడా డీజిల్ ఉన్నంతసేపే, పంపు ఎండితే అదీ ఉండదు.

తాడిపత్రి బండలు · రాత్రి 8:36

ఫోటో చూశాను. డీజిల్ ముల్లే. డీఈఎఫ్ సగం పైన ఉంది.

మేస్త్రి గారూ, డ్యాష్‌బోర్డులో 160 చూపిస్తోంది కదా, అది కంప్యూటరు లెక్క కదా అని మావాడు అంటున్నాడు.

లెక్కల మాస్టారు · రాత్రి 8:52

ఆ 160 ఎలా వచ్చిందో చూడండి. కంప్యూటరు ముందుకు చూడలేదు, వెనక్కి చూసి చెబుతుంది. ఇప్పటిదాకా వచ్చిన సగటు మైలేజీని తీసుకుని, ట్యాంకులో ఉందనుకుంటున్న ఆయిల్‌తో గుణిస్తుంది. మీ బండి తాడిపత్రికి ఖాళీగా వచ్చి ఉంటే ఆ సగటులో ఖాళీ బండి మైలేజీ చాలావరకు కలిసి ఉంది. ఇప్పుడు వెనకాల బండలున్నాయి. ఖాళీ బండి లీటరుకు ఆరు ఇచ్చినా లోడు మీద మూడున్నర, నాలుగు రావడమే ఎక్కువ.

పైగా ఈ రోడ్డు అంతా ఎక్కుడు. చూడటానికి చదునుగా కనిపిస్తుంది కానీ అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంటే బాగేపల్లి 700 మీటర్ల దగ్గర ఉంది. 28 టన్నుల బండిని 365 మీటర్లు పైకి లేపాలంటే దాదాపు 100 మెగాజూళ్ల పని. లీటరు డీజిల్‌లో 36 మెగాజూళ్లు ఉన్నా చక్రాల దాకా చేరేది అందులో మూడో వంతు పైచిలుకే. అంటే ఒట్టి ఎత్తు ఎక్కడానికే ఏడెనిమిది లీటర్లు పోతాయి. బెంగళూరు నుంచి అనంతపురం వచ్చేటప్పుడు ఇదే బండి ఇదే దూరానికి చాలా తక్కువ తాగుతుంది. గుత్తి నుంచి పెనుకొండ దాకా వెళ్లామంటున్న అన్నగారికి ఏ లోడు, ఎంత బరువు అన్నది కూడా చూసుకోవాలి.

ఇక ట్యాంకు. మీది పెట్టెలా ఉండే ట్యాంకు అయితే పొడవు 120, వెడల్పు 50, ఎత్తు 50 సెంటీమీటర్లు అనుకుందాం, సరిగ్గా 300 లీటర్లు. ఇందులో ఒక సెంటీమీటరు మట్టానికి 6 లీటర్లు. ఆయిల్ పీల్చే గొట్టం అడుగుకు ఆనదు, మట్టి, నీళ్లు రాకుండా కొంచెం పైకే ఉంచుతారు. కొబ్బరిబోండాంలో స్ట్రా పైకి లాగి తాగితే అడుగు నీళ్లు మిగిలినట్టు, గొట్టం కొస కింద ఉన్నది ఇంజినుకు అందదు. కొస రెండున్నర సెంటీమీటర్ల పైన ఉంటే 15 లీటర్లు ట్యాంకులో ఉండీ లేనట్టే.

అది కూడా చదును నేల మీద. 6 శాతం ఎక్కుడులో ఆయిల్ వెనక్కి జారుతుంది. 10 లీటర్లు ఉంటే వెనక చివర ఐదు సెంటీమీటర్ల మట్టం, ముందు చివర పూర్తిగా ఎండిన రేకు. గొట్టం ముందు వైపు ఉంటే ఆ క్షణానికి గాలే పీలుస్తుంది. నిలువునా ఎక్కేటప్పుడు ఆగిన బండి చదునులో మళ్లీ స్టార్ట్ అవడం వెనక ఉన్న సంగతి ఇదే.

ఎన్‌హెచ్ 44 · రాత్రి 8:58

మాస్టారూ, లెక్క బాగుంది. నేను తోలింది పాత పది టైర్ల బండే, మేస్త్రి చెప్పినట్టు ఇన్‌లైన్ పంపుదే. పెనుకొండ దాకా తెచ్చినప్పుడు ఒక్కోసారి లోడు, ఒక్కోసారి ఖాళీ. అయినా డ్రైవరు మీద నమ్మకం ఉండాలి అంటాను. ముల్లు చూసి భయపడే డ్రైవరు మలుపు చూసినా భయపడతాడు.

ఖాతా పుస్తకం · రాత్రి 9:04

తమ్ముడూ, నేను మూడు బండ్ల లెక్కలు రాస్తాను. పంపులూ ఎత్తులూ పక్కన పెట్టి డబ్బు సంగతి చెబుతాను.

ట్యాంకు మొత్తం అనంతపురంలో నింపితే, 270 లీటర్లకు ఆరు రూపాయల చొప్పున 1,620 రూపాయలు ఎక్కువ అవుతుంది. నిజమే, అది వదులుకోవలసిన డబ్బు కాదు. ఆంధ్రలో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. కర్ణాటక 2025 ఏప్రిల్‌లో పన్ను 21.17 శాతానికి పెంచాక కూడా తేడా మిగిలే ఉంది. సరిహద్దు దాటి కొట్టించాలనుకోవడం తప్పేమీ కాదు.

కానీ మీ ముందు ఉన్నవి రెండు దారులే కాదు. అనంతపురంలో 30 లీటర్లు మాత్రం పోయించండి. మిగిలినదంతా బాగేపల్లిలో నింపండి. ఈ 30 లీటర్ల మీద మీకు ఎక్కువ పడేది 180 రూపాయలు. రాత్రిపూట బండి ఆగితే మెకానిక్కు రావడానికే అంతకు పదింతలు అడుగుతాడు, అన్‌లోడు ఆలస్యమైతే పార్టీ దగ్గర బాడుగలో కోత పడుతుంది. మా బండ్లకు నేను పెట్టిన నియమం ఇది: సరిహద్దు 50 కిలోమీటర్ల లోపు ఉంటే లాగవచ్చు, అంతకు మించితే కొంచెం పోయించుకునే కదలాలి. డ్రైవర్లు మొదట విసుక్కున్నారు. ఇప్పుడు వాళ్లే ఫోను చేసి "అక్కా, ఇరవై కొట్టిస్తున్నాను" అని చెబుతారు.

తాడిపత్రి బండలు · రాత్రి 9:10

30 లీటర్లు పోయించమని చెప్పాను. బైపాస్ దగ్గర బంకులోనే పోయిస్తున్నాడు. అందరికీ కృతజ్ఞతలు. అక్కా, 180 రూపాయల మాట ముందే తట్టి ఉంటే ఇంతమందిని కదిలించే పని ఉండేది కాదు.

కాకినాడ ట్రేలర్ · గురువారం, ఉదయం 6:40

ఇప్పుడే చూశాను. మా వైపు యానాం ఉంది కాబట్టి ఈ సమస్య మాకూ తెలుసు. పుదుచ్చేరి పన్ను తక్కువ, అందుకని అటు వెళ్లే ప్రతి బండీ యానాంలోనే నింపాలని చూస్తుంది.

నాకొక సందేహం. దిగుడు వచ్చినప్పుడు న్యూట్రల్ చేస్తే ఆయిల్ మిగులుతుంది అని చాలామంది డ్రైవర్లు చేస్తారు. ట్యాంకు చివరికి వచ్చినప్పుడు ఇది పనికొస్తుందా?

పంపు మేస్త్రి · ఉదయం 7:15

పనికిరాదు. పైగా ప్రాణం మీదికి వస్తుంది.

కామన్ రైల్ బండిలో యాక్సిలరేటర్ వదిలి గేరులోనే దిగితే కంప్యూటరు నాజిళ్లకు ఆయిల్ పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజినును తిప్పుతాయి, ఖర్చు సున్నా. న్యూట్రల్ చేస్తే ఇంజిను ఐడిలింగులో తిరగడానికి ఆయిల్ తాగుతూనే ఉంటుంది. అంటే మిగలడానికి బదులు పోతుంది.

అసలు భయం బ్రేకుల గురించి. న్యూట్రల్‌లో ఇంజిన్ బ్రేకు ఉండదు, బరువంతా డ్రమ్ముల మీద పడి కాలిపోతాయి. ఆయిల్ అయిపోయి ఇంజిను కూడా ఆగిందనుకోండి, బ్రేకులకు గాలి ఇచ్చే కంప్రెసరు ఆగుతుంది, పవర్ స్టీరింగు ఆగుతుంది. స్టీరింగు చక్రం రాయిలా బిగుసుకుంటుంది. బ్రేకు తొక్కిన ప్రతిసారీ గాలి ట్యాంకుల్లో గాలి తగ్గుతుంది. గాలి బాగా పడిపోతే వెనక చక్రాల స్ప్రింగు బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి, బండి అక్కడే, రోడ్డు నడిమధ్యే నిలిచిపోతుంది. మారేడుమిల్లి ఘాట్ దిగుతూ ఈ స్థితి వస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

అడవి దారి · ఉదయం 9:30

మేస్త్రి గారు చెప్పిన మాటకు ఒక సంగతి కలుపుతాను. నేను ఆత్మకూరు, దోర్నాల మీదుగా తిరుగుతాను. నల్లమలలో పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి రాకపోకలు ఆపేస్తారు. చెక్‌పోస్టు మూసే వేళకు దాటాలన్న తొందరలో ఆయిల్ చూసుకోకుండా అడవిలోకి దిగేవాళ్లు ఉన్నారు. లోపల బంకు లేదు, చాలాచోట్ల ఫోను సిగ్నలు లేదు, మెకానిక్కు అసలే లేడు.

అలా ఆగిన ఒక బండి దగ్గర సాయానికి నిలబడ్డాను. మలుపులో ఆగింది. క్లీనరు చెట్టుకొమ్మలు విరిచి వెనక రోడ్డు మీద వేశాడు. మంచి పనే, కానీ పగలు కాబట్టి సరిపోయింది. మెరిసే త్రికోణం బండిలోనే ఉంది, సీటు కింద, ప్లాస్టిక్ కవరు విప్పకుండా. దాన్ని తీసి మలుపుకు ముందు పెట్టించాను. వెనక నుంచి వచ్చేవాడికి బండి కనిపించే ముందే త్రికోణం కనిపించాలి, బండి పక్కనే పెడితే ఉపయోగం లేదు.

జాతీయ రహదారి మీద ఎక్కడ ఆగినా 1033కు ఫోను చేయవచ్చు. గస్తీ బండి వచ్చి కోనులు పెడుతుంది. ఆయిల్ అయిపోయిందని చెప్పడానికి సిగ్గుపడి చాలామంది చేయరు. ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దిన ప్రమాదాల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

పాత చక్రం · ఉదయం 11:05

ఒకవేళ నిజంగానే ఆయిల్ అయిపోయి ఆగిందనుకోండి, మళ్లీ స్టార్ట్ చేసే పద్ధతి ఎవరైనా వరుసగా చెబుతారా? మా డ్రైవర్లకు చదివి వినిపిస్తాను. ఒకటి పాత బండి, ఒకటి బీఎస్ 6.

పంపు మేస్త్రి · మధ్యాహ్నం 1:20

రెండింటికీ ముందు చేయవలసింది ఒకటే. సెల్ఫు కొట్టడం ఆపాలి. ఇంజిను దగ్గి ఆగిన వెంటనే అందరూ చేసే పని సెల్ఫు మీద సెల్ఫు కొట్టడం. దాంతో పంపులోకి ఇంకా గాలి పోతుంది, బ్యాటరీ పడుతుంది, స్టార్టరు కాలుతుంది.

తరువాత ఆయిల్. ఐదు లీటర్ల డబ్బా పోసి స్టార్ట్ కాలేదంటారు. ఎలా అవుతుంది? మాస్టారు చెప్పినట్టు గొట్టం కొస దాకా మట్టం రావాలి కదా. కనీసం 20 లీటర్లు, ఎక్కుడులో ఆగితే 30 పోయాలి.

పాత బండి: ఫిల్టరు మీద ఎయిర్ స్క్రూ కొద్దిగా వదులు చేసి హ్యాండ్ ప్రైమర్ కొట్టండి. మొదట నురగ వస్తుంది, తరువాత బుడగలతో ఆయిల్, చివరకు బుడగ లేని ధార. ఆ ధార వచ్చినప్పుడే, ప్రైమర్ కొడుతూనే స్క్రూ బిగించాలి. కొట్టడం ఆపి బిగిస్తే కొంచెం గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఇంకా స్టార్ట్ కాకపోతే నాజిల్ దగ్గర గొట్టాల నట్లు ఒక్కొక్కటిగా వదులు చేసి సెల్ఫు కొట్టించి ఆయిల్ చిమ్మేదాకా చూస్తారు.

బీఎస్ 6 బండి: పై మాటల్లో చివరిది ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. రైలు నుంచి నాజిల్‌కు పోయే ఆ ఇనుప గొట్టాల నట్లు ముట్టుకోవద్దు. 1600 బార్ దగ్గర చిమ్మే సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట ఉండదు, కానీ డీజిల్ కండలోకి పోయి చేతినే పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అలా జరిగితే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికే తీసుకెళ్లాలి. ఈ బండిలో మనం గాలి తీసేది తక్కువ ఒత్తిడి వైపు మాత్రమే. నీళ్లు వేరుచేసే ఫిల్టరు తల మీద ప్రైమర్ ఉంటుంది, అది చేతికి గట్టిపడేదాకా కొట్టాలి. కొన్ని బండ్లలో కరెంటు పంపు ఉంటుంది, వాటికి తాళం తిప్పి ఆగి, ఆపి, మళ్లీ తిప్పితే అదే లాగుతుంది. తరువాత పది పదిహేను సెకన్లు సెల్ఫు, రెండు నిమిషాల విరామం. మూడు నాలుగు సార్లకు కాకపోతే వదిలేసి మెకానిక్కును పిలవండి.

స్టార్ట్ అయ్యాక వెంటనే లోడు మీద లాగించవద్దు. కాసేపు ఐడిలింగులో ఉంచండి, మిగిలిన బుడగలు రిటర్న్ గొట్టంలో ట్యాంకుకు పోతాయి.

ఎన్‌హెచ్ 44 · మధ్యాహ్నం 2:10

మేస్త్రీ, ఈ పద్ధతి అచ్చు వేసి ప్రతి బండిలో పెట్టాలి. పాత బండి గురించి చెప్పినది అక్షరాలా నిజం, కొడుతూనే స్క్రూ బిగించాలన్నది చాలామందికి తెలియదు.

ఒక్క విషయంలో మాత్రం మీ మాట వినాలని ఉంది. ట్యాంకు అడుగుకు వస్తే మట్టి పీల్చి ఫిల్టరు మూసుకుపోతుంది అంటారు. నాకు ఎన్నడూ అర్థం కాలేదు. గొట్టం ఎప్పుడూ అడుగు నుంచే కదా పీలుస్తుంది, ట్యాంకు నిండా ఉన్నా, ఖాళీగా ఉన్నా?

పంపు మేస్త్రి · మధ్యాహ్నం 2:45

మీ ప్రశ్న సరైనదే అన్నా. గొట్టం ఎప్పుడూ ఒకే చోట నుంచి పీలుస్తుంది. మట్టి ఉంటే నిండుగా ఉన్నప్పుడూ వస్తుంది. తేడా అలల్లో ఉంది. ఆయిల్ నిండుగా ఉంటే అడుగు కదలదు. తక్కువగా ఉంటే ప్రతి గుంతకూ ఇటు చివర నుంచి అటు చివరకు కొట్టుకుంటుంది, అడుగున పేరుకున్నది లేస్తుంది. గాలి నురగ కూడా అప్పుడే పుడుతుంది.

వేడి మరో సమస్య. కామన్ రైల్ నుంచి వెనక్కి వచ్చే ఆయిల్ వేడిగా వస్తుంది. ట్యాంకులో 250 లీటర్లు ఉంటే ఆ వేడి కలిసిపోతుంది. 20 లీటర్లే ఉంటే అదే ఆయిల్ తిరిగి తిరిగి కాగుతుంది. మే నెల అనంతపురం ఎండలో కాగిన డీజిల్ పలుచబడి పంపుకు నూనెలా పనిచేయడం తగ్గుతుంది.

తాడిపత్రి బండలు · శుక్రవారం, ఉదయం 10:15

బండి రాత్రే బెంగళూరు చేరి లోడు దిగింది. బాగేపల్లిలో మెడ దాకా నింపించాను. 276 లీటర్లు పట్టింది. రసీదు నా దగ్గర ఉంది. అనంతపురంలో నింపిన బంకు నుంచి బాగేపల్లి బంకుకు ట్రిప్పు మీటరులో 115, ఆ ముక్కకు మైలేజీ 3.5 చూపించింది.

మాస్టారూ, దీన్నుంచి ఏమైనా తేలుతుందా?

లెక్కల మాస్టారు · ఉదయం 10:50

చాలా తేలుతుంది, మంచి పని చేశారు.

115 కిలోమీటర్లకు 3.5 చొప్పున దాదాపు 33 లీటర్లు తాగింది. బాగేపల్లిలో 276 పట్టిందంటే అప్పటికి ట్యాంకులో 24 ఉన్నాయి. 33 కలిపి, మీరు పోసిన 30 తీసేస్తే, అనంతపురంలో ఎర్రదీపం వెలిగినప్పుడు మీ ట్యాంకులో ఉన్నది 27 లీటర్లు. అందులో గొట్టానికి అందనిది 15 అనుకుంటే వాడుకోవడానికి మిగిలింది 12. 3.5తో గుణిస్తే 42 కిలోమీటర్లు. చెన్నేకొత్తపల్లి చేరే లోపే ఆగిపోయేది. పెనుకొండ కూడా వచ్చేది కాదు.

15 లీటర్లన్నది నా ఊహ, మీ ట్యాంకు మెడ దాకా ఐదారు లీటర్లు ఎక్కువ పట్టవచ్చు. ఆ ఆరూ కలిపినా 63 కిలోమీటర్లు దాటదు. డ్యాష్‌బోర్డు 160 చెప్పింది.

ఇదే కొలతను ఇంకో రెండు మూడు సార్లు చేయండి. ముల్లు గీత తాకిన చోట ఆగి నింపించి ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోండి. అంకె దాదాపు ఒకేలా వస్తే మీ బండికి ఎర్రగీత అర్థం ఏమిటో మీకు తెలిసినట్టే. బండి ఆగేదాకా తోలి తెలుసుకోవలసిన అవసరం లేదు.

పాత చక్రం · ఉదయం 11:30

మాది పెట్టె ట్యాంకు కాదు మాస్టారూ, గుండ్రంగా పీపాలా పడుకుని ఉంటుంది. దానికీ ఇదే లెక్కా?

లెక్కల మాస్టారు · మధ్యాహ్నం 12:05

కాదు, దానికి ఇంకా జాగ్రత్త కావాలి. పడుకున్న పీపాలో మట్టం నాలుగో వంతుకు దిగితే ఆయిల్ నాలుగో వంతు ఉండదు, 19.5 శాతమే ఉంటుంది. 300 లీటర్ల ట్యాంకులో 75 ఉందనుకుంటారు, ఉన్నది 59. మట్టం పదో వంతుకు దిగితే ఉన్నది 5.2 శాతం, అంటే 15 లీటర్ల పైచిలుకు. ట్యాంకులో తేలుతూ ముల్లును కదిపే ఫ్లోటు కొలిచేది ఎత్తునే గానీ లీటర్లను కాదు. అందుకే మధ్యలో నిలకడగా దిగిన ముల్లు చివర్లో ఒక్కసారిగా పడిపోయినట్టు అనిపిస్తుంది. కొత్త బండ్లలో కంప్యూటరు దీన్ని సరిచేస్తుంది, పాతవాటిలో సరిచేసేది ఏదీ లేదు.

మీకు కర్ర కొలతే నమ్మదగినది. ట్యాంకు కడగడానికి దింపినప్పుడు 10 లీటర్ల చొప్పున పోస్తూ, ప్రతిసారీ కర్ర దించి తడిసిన చోట గీత పెట్టుకోండి. గొట్టం కొస ఎక్కడుందో కూడా అప్పుడే కొలిచి ఆ ఎత్తున వేరే రంగు గీత పెట్టండి. ఆ గీత కింద ఉన్న ఆయిల్‌ను లెక్కలో వేసుకోకండి.

ఖాతా పుస్తకం · మధ్యాహ్నం 12:40

కర్ర అంటే చెక్క వద్దు, పీచు ఊడి ట్యాంకులో పడుతుంది. మేము సన్నని అల్యూమినియం పట్టీ వాడుతున్నాం. గీతలు రంపంతో కోయించాం, రంగు అయితే డీజిల్‌కు పోతుంది.

పాత చక్రం · మధ్యాహ్నం 12:48

మూతి దగ్గర జల్లెడ అడ్డం వస్తోంది అక్కా.

ఖాతా పుస్తకం · మధ్యాహ్నం 1:02

జల్లెడ తీసి కొలిచి, తుడిచి మళ్లీ పెట్టించండి. తీసి పక్కన పడేసే డ్రైవర్లు ఉంటారు, అది మాత్రం చూసుకోండి. జల్లెడ లేకపోతే ట్యాంకులో గొట్టం వేసి ఆయిల్ తీసేవాళ్లకు కూడా దారి ఇచ్చినట్టే.

పంపు మేస్త్రి · సాయంత్రం 5:20

తాడిపత్రి తమ్ముడూ, తిరుగు లోడు ఎక్కించే ముందు ఒక పని చేయించండి. ట్యాంకు అంత కిందికి దిగింది కాబట్టి అడుగు కదిలే ఉంటుంది. బండి రాత్రంతా నిలిచాక, తెల్లవారి స్టార్ట్ చేయకముందే, నీళ్ల ఫిల్టరు కింద బిరడా వదులు చేసి గాజు సీసాలోకి కొంచెం పట్టమనండి. పది నిమిషాలు సీసాను కదపకుండా ఉంచితే నీళ్లుంటే అడుగుకు చేరతాయి. మట్టి రంగు గానీ నీటి గీత గానీ కనిపిస్తే ఫోటో పెట్టండి, ఫిల్టరు మార్చాలో వద్దో చెబుతాను.